పానకాలరావు గారిని రెండోసారి ఓడించిన వైనం

మా ఎర్రగరువులో తెలివైన వాళ్ళెవరని మీరు అడిగితే పోలుకొండ వాళ్ళే ముందు చెయ్యెత్తుతారు. ఏడుగురూ ఎత్తుతారు. అడక్కపోయినా ఎత్తుతారు. పెద్దాడు భద్రం, రెండోవాడు అబ్బులు, మూడోవాడు తాతబ్బాయి, ముగ్గురి పెళ్ళాలు, అన్నదమ్ముల తల్లి మంగాయమ్మ. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఏడు ఓట్లు. మా బుర్రలే లేకపోతే ఈ ఊరు ఎప్పుడో గోదాట్లో కలిసిపోయేదండీ అని భద్రం నాతో ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. నేను వాళ్ళ ఎదురింట్లో ఉంటాను. ముప్పై ఏళ్ళుగా ఆ తెలివి చూస్తూనే ఉన్నాను. ఇంకా బతికే ఉన్నానంటే నా ఓపిక ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

మచ్చుకి ఒకటి చెప్తాను. ఒకరోజు మంగాయమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పొంగుతాయేమో చూస్తూ ఉండండర్రా అని పెరట్లోకి వెళ్ళింది. అంతే, ఆరుగురూ పొయ్యి చుట్టూ పీటలేసుకుని కూర్చున్నారు. పాలు పొంగాయి. చూశారు. పొయ్యి ఆరిపోయింది. అదీ చూశారు. ముసలావిడ తిరిగొచ్చి ఖాళీ గిన్నె వైపు చూసి, ఎంత శ్రద్ధగా చూశారర్రా, ఒక్కరు కూడా కన్ను పక్కకి తిప్పలేదు అని మురిసిపోయింది. ఆవిడా ఆ ఇంటిదే కదా మరి.

ఆ ఇంట్లో బుర్రతో పుట్టింది ఒక్కతే. భద్రం కూతురు వరాలు. పన్నెండేళ్ళ పిల్ల. ఎవరి పోలికొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. మా ఊరి బళ్ళో ఏడో తరగతి అందరికన్నా ఎక్కువ మార్కులతో ప్యాసైంది. ఎనిమిది చదవాలంటే మామిడిలంక హైస్కూలుకి పోవాలి. నాలుగు మైళ్ళ దూరం, మధ్యలో రెండు కాలవలు, వానొస్తే మోకాలి లోతు బురద. మగపిల్లలు గట్టు మీంచి సైకిళ్ళేసుకుని గంట కొట్టుకుంటూ పోతారు. ఆడపిల్ల సైకిలెక్కడానికి లేదు. ఎందుకు లేదంటే పానకాలరావు గారు వద్దన్నారు.

పానకాలరావు గారు ఇరవై రెండేళ్ళుగా మా ఊరి ప్రెసిడెంటు. ఆయన తన వర్గానికి కట్టుబాటు పక్షం అని పేరు పెట్టుకున్నాడు. గుర్తు గొడుగు. ఊళ్ళోకి కొత్తది ఏదొచ్చినా ఆయన అడిగేది ఒక్కటే, ఇది మన తాతల నాడు ఉందా అని. ఆడవాళ్ళు సైకిలెక్కడం తాతల నాడు లేదు, కాబట్టి వద్దు. లైబ్రరీ లేదు, అదీ వద్దు. ఆయన అరుగు ముందు నుంచి నడిచే వాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవడం తాతల నాడు ఉంది, కాబట్టి ఉండాలి. వీధి దీపాలు తాతల నాడు లేవు గానీ ఆయనింటి ముందు మాత్రం ఒకటి వెలిగేది. అదేంటండీ అని అడిగే గుండె ఎవడికుంది.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. బట్టలు కుట్టే శేషారత్నం కత్తెర గుర్తు మీద నిలబడింది. నేను గెలిస్తే ఆడపిల్లలు సైకిళ్ళ మీద హైస్కూలుకి పోతారని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆ మాట వినగానే వరాలు బొగ్గుముక్క పుచ్చుకుని వంటింటి గోడ మీద ఒక గొడుగూ ఒక కత్తెరా గీసింది. వారం రోజులు ఇంట్లో ఏడుగురినీ వరసలో నిలబెట్టి కత్తెర మీద ముద్ర కొట్టించింది. మంగాయమ్మ మొదట్లో రెండింటికీ సమానంగా కొట్టేది, పాపం గొడుగు ఒంటరిదైపోతుందని. ఆరో రోజుకి దార్లో పడింది.

ఓట్లు లెక్కపెట్టారు. పానకాలరావు గారు పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఇరవై రెండేళ్ళు ఆ అరుగు ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన కాళ్ళండీ ఇవి. ఆ రోజు శుభ్రంగా చెప్పులేసుకుని ఆ అరుగు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. పనేమీ లేదు. ఊరికే తిరిగాను. నాలాంటి వాళ్ళు ఆ వీధిలో ఇంకో ముప్పై మంది తిరుగుతున్నారు.

సంబరం చెయ్యాలన్నారు. శేషారత్నం మర్యాద తెలిసిన మనిషి. ఎవరినీ నొప్పించొద్దు, ఒక్క ఇల్లు కూడా వదలకుండా లడ్లు పంచండి, సాయంత్రం లోపు చిన్న ఊరేగింపు చేసి ముగించండి అని ఆ పని భద్రానికి అప్పజెప్పింది. అప్పజెప్పే ముందు ఎదురింటి వాణ్ణి నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

అంతే, అన్నదమ్ములు లడ్ల బుట్టలు నెత్తికెత్తుకున్నారు. ఒక్క ఇల్లూ వదల్లేదు. తాళం వేసిన ఇళ్ళలో కిటికీలోంచి విసిరారు. రెండేళ్ళ కిందట కూలిపోయిన రంగయ్య ఇంటి పునాది మీద నాలుగు పెట్టొచ్చారు, రంగయ్య వాళ్ళు నలుగురు కదా అని. అలా వీధులన్నీ తిరిగి అబ్బులు పానకాలరావు గారింటికి చేరాడు. ఆయన నెత్తి మీద తడిగుడ్డ వేసుకుని వాలుకుర్చీలో పడుకుని ఉన్నాడు. అబ్బులు ఆయన చెయ్యి తెరిచి లడ్డు పెట్టాడు. ఎందుకురా ఇది అని ఆయన అడిగాడు. మీరు ఓడిపోయినందుకండి, ఊరంతా తింటున్నారు, మీరు మాత్రం ఏం పాపం చేశారు, మీరూ తినండి అన్నాడు వీడు ఎంతో ప్రేమగా. లడ్డు వీధిలోకొచ్చి పడింది. దాని వెనక తడిగుడ్డ కూడా వచ్చింది. అబ్బులు ఇంటికొచ్చి, తీపి ఎక్కువైనట్టుందన్నయ్యా, పెద్దాయన తినలేకపోయాడు అని చెప్పాడు.

తర్వాత ఊరేగింపు. ఎడ్లబండికి అరటి పిలకలు కట్టారు, మామిడి తోరణాలు కట్టారు, డప్పులవాళ్ళు వచ్చారు. శేషారత్నం బండెక్కబోయింది. భద్రం అడ్డం పడ్డాడు. పెళ్ళి ఊరేగింపంటే పెళ్ళికొడుకు ఎక్కుతాడు, అమ్మవారి ఊరేగింపంటే అమ్మవారు ఎక్కుతుంది, మరి ఇది పానకాలరావు గారు ఓడిపోయినందుకు చేసే ఊరేగింపు, మధ్యలో నువ్వెందుకమ్మా అని ఆవిణ్ణి చెయ్యి పట్టి కిందికి దింపేశాడు. డప్పులతో సహా వెళ్ళి పానకాలరావు గారి తలుపు కొట్టారు. తమరు వచ్చి బండెక్కండి, ఆలస్యమవుతోంది అన్నారు. ఆయన తలుపు గడియ పెట్టుకున్నాడు.

ఇంకేముంది, బండి ఖాళీగా ఉంది, డప్పులు మోగుతున్నాయి, ఎవరికీ ఏం తోచలేదు. అప్పుడు భద్రం పెళ్ళాం నూకాలమ్మకి తోచింది. గుళ్ళో మూలవిరాట్టు కదలదు కదా, ఊరేగింపుకి ఉత్సవ విగ్రహాన్నే కదా తెస్తారు అంది. ఇంటిల్లిపాదీ ఆవిడ తెలివికి నోరెళ్ళబెట్టారు. తాతబ్బాయి పరుగెత్తుకెళ్ళి పంచాయతీ ఆఫీసు గోడ మీదున్న పానకాలరావు గారి నిలువెత్తు ఫోటో దింపుకొచ్చాడు. దానికి బొట్టు పెట్టారు. బంతిపూల దండ వేశారు. ముందొక దీపం, పక్కన అగరొత్తులు. బండి మామిడిలంక రోడ్డు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

దండ వేసిన ఫోటో, ముందు దీపం, దాని ముందు డప్పులు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఏమనుకుంటారు? గంట తిరక్కుండా పానకాలరావు గారి చుట్టాలు నాలుగూళ్ళ నుంచి దిగారు. మామిడిలంక నుంచి ఆయన అక్క సుభద్రమ్మ గారు రిక్షాలో వచ్చి, బండి మీద ఫోటో చూసి, నడిరోడ్డు మీద కూలబడి గుండెలు బాదుకుంది. తాతబ్బాయి కంగారుపడి, పానకాలరావు గారు పోయారా అన్నయ్యా అని అడిగాడు. భద్రం కాసేపు ఆలోచించాడు. తోడబుట్టిన ఆవిడ ఏడుస్తోందంటే మనకన్నా ఆవిడకే బాగా తెలుస్తుంది కదరా అన్నాడు. అంతే, ఏడుగురూ జుట్లు విరబోసుకుని సుభద్రమ్మ గారి పక్కన కూర్చున్నారు. డప్పులవాళ్ళు దెబ్బ మార్చారు.

ఏడుపు విని ఊరంతా పోగైంది. పోయినవాణ్ణి ఎవరు తిడతారు? పెద్దమనిషి అని ఒకరు, ఆయన ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో దొంగతనం లేదని ఒకరు. అబద్ధమెందుకు, నేను కూడా, మనిషి మరీ చెడ్డవాడేం కాదు అన్నాను. అప్పుడు ఆ గోలేమిటో చూద్దామని పానకాలరావు గారే గడియ తీసుకుని అరుగు మీదికి వచ్చాడు. ముందు చూసింది అబ్బులు. కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళి, మీరు లోపలికెళ్ళండి, మీరు పోయారు, బయట తిరక్కూడదు అని మెల్లిగా చెప్పాడు. ఆయన లోపలికి వెళ్ళలేదు. స్తంభం పక్కన నిలబడి తన గురించి ఊరు చెప్పుకునే మంచి అంతా విన్నాడు. ఆయన్ని తిట్టిన నోళ్ళు ఆయన్ని అంత మెచ్చుకోవడం ఆయన ఎప్పుడూ విని ఉండడు. ఆ రోజు తర్వాత ఊళ్ళో చాలామందికి ఆయన మీద కోపం సగం చల్లారిపోయింది. ఆ పుణ్యం పోలుకొండ వాళ్ళదే.

సరే, ఎలాగైతేనేం, వరాలుకి సైకిలొచ్చింది. మేనమామ వాడి వదిలేసిన సైకిలు. సీటు మీద గోనెగుడ్డ చుట్టుకుంది. కాళ్ళు అందక ఒక పక్కకీ ఇంకో పక్కకీ ఊగుతూ తొక్కేది. పిల్లని ఒంటరిగా పంపకండి అని మాస్టారెవరో అన్నారట. అందుకని మొదటి వారం ముగ్గురన్నదమ్ములూ సైకిలు వెనకాల నాలుగు మైళ్ళు పరుగెత్తి, హైస్కూలు వరండాలో సాయంత్రం దాకా పడుకుని, మళ్ళీ నాలుగు మైళ్ళు పరుగెత్తి వచ్చారు. ఎనిమిదో రోజున వరాలే బతిమాలి మాన్పించింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి మా వీధిలో ఆ సైకిలు గంట వినపడేది. నేను కాఫీ గ్లాసుతో అరుగు మీదికొచ్చేవాణ్ణి. ఆ పిల్ల ఇటు తిరిగి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నా కడుపు నిండిపోయేది.

ఏడాది తిరక్కుండా శేషారత్నాన్ని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్దదైన పంచాయతీ సమితికి ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. మంచిదే గానీ, ఊళ్ళో పదవి వదిలెయ్యాల్సి వచ్చింది. ఊరికి మళ్ళీ ఎన్నిక. శేషారత్నం తన చోట అదే కత్తెర గుర్తు మీద కాంతారావు మాస్టారిని నిలబెట్టింది. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు, ఆడపిల్లలు చదవాలనే రకం. పానకాలరావు గారు ఈసారి ఊసే ఎత్తలేదు. ఇంకెవరూ ముందుకి రాలేదు. నామినేషన్లకి గడువు ఇంకా రెండ్రోజులున్నా, ఇక పోటీ లేదు, మాస్టారు ఏకగ్రీవం అన్నారు. ఊరంతా హమ్మయ్య అనుకుంది. వరాలు అందరికన్నా ఎక్కువ అనుకుంది.

పోలుకొండ వాళ్ళింట్లో మాత్రం ఆ పూట ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

భద్రం అందరినీ కూర్చోబెట్టాడు. మన జన్మలో పానకాలరావు గారు ఓడిపోయిన రోజంత మంచి రోజు ఇంకోటి ఉందా అని అడిగాడు. లేదన్నారు. మరి ఈసారి ఆయన నిలబడకపోతే ఎలా ఓడిపోతాడు అన్నాడు. ఎవరూ ఓడిపోకపోతే లడ్లు ఎవరి పేరు చెప్పి పంచుతామన్నాడు. మంగాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వరాలు పుస్తకం మూసి వచ్చి, పోటీ లేకపోవడమే మంచిది నాన్నా, మాస్టారొస్తే నా సైకిలు నాకుంటుంది, మీరు దేన్నీ కదపొద్దు అని చేతులు పట్టుకుంది. భద్రం కూతురి తల నిమిరాడు. ఇదంతా నీ కోసమే కదమ్మా, ఆయన ఒక్కసారి ఓడిపోతేనే నీకు సైకిలొచ్చింది, రెండోసారి ఓడిపోతే ఇంకేం వస్తుందో ఆలోచించు అన్నాడు. మోటారు సైకిలొస్తుంది అన్నాడు అబ్బులు.

అంతే, తెల్లబట్టలు కట్టుకుని ముగ్గురూ పానకాలరావు గారింటికి బయల్దేరారు. అక్కడ జరిగింది భద్రమే నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు, తన తెలివి నాకు తెలియాలని. తమరు దయచేసి ఎన్నికల్లో నిలబడాలండి అని అడిగారట. ఆయన వాలుకుర్చీలోంచి లేచి కూర్చున్నాడట.

"నాకెవడేస్తాడురా ఓటు?" అన్నాడట.

"మేం వేస్తాం. ఏడూ మీకే."

"మరి మీకొచ్చే లాభం ఏంటి?"

"మీరు ఓడిపోవాలండి. పోయినసారి చాలా బాగా ఓడిపోయారు. ఈసారి కూడా ఓడిపోతానని మాటిస్తే మిగతావన్నీ మేం చూసుకుంటాం."

పానకాలరావు గారు ఎప్పుడూ ఒక మాట అనేవాడు, మా వంశంలో ఇచ్చిన మాట తప్పినవాడు లేడని. అది ఆయనకి ఊతపదం. ఇప్పుడు వీళ్ళని వదిలించుకోవడానికో, లేక ఆ రోజు అరుగు మీద నిలబడి విన్న మెచ్చుకోళ్ళు ఇంకా చెవుల్లో ఉన్నాయో, సరేరా, ఓడిపోతాను, మాటిస్తున్నాను, ఇంక వెళ్ళండి అన్నాడు. మర్నాడే గొడుగు గుర్తు మీద నామినేషన్ వేశాడు.

వీళ్ళు ఊరుకున్నారా? డప్పు కొట్టించి వీధివీధికీ చాటింపు వేయించారు. పానకాలరావు గారు ఈసారి కూడా ఓడిపోతానని మాటిచ్చారహో అని. ఊరంతా నవ్వుకుంది. మాస్టారు కూడా నవ్వాడు. ఇంక ఓట్లడగడానికి తిరగడమెందుకని ఇంట్లో కూర్చున్నాడు. వరాలు ఒక్కతే ఆయనింటికి వెళ్ళి, తిరగండి మాస్టారూ అని మొత్తుకుంది.

పోలింగు రోజు వచ్చింది. పోయినసారి సంబరం ఓట్లు లెక్కపెట్టాక మొదలుపెట్టాం, అందుకే హడావిడైపోయింది, ఈసారి పొద్దున్నే మొదలుపెడదాం అన్నాడు భద్రం. స్కూలు పక్క ఖాళీ స్థలంలో పందిరి వేశారు. ఏడుగురూ తెల్లారగానే వెళ్ళి, ఇచ్చిన మాట ప్రకారం గొడుగు మీద ఏడు ముద్రలు కొట్టి, తిరిగొచ్చి ఆకులు పరిచారు. పులిహోర, గారెలు, పూర్ణం బూరెలు, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు. ఎనిమిదింటికి మొదటి బంతి లేచింది, రెండోది కూర్చుంది. వాసన ఊరంతా పాకింది. కత్తెర వైపు వాళ్ళంతా ఓటుకని బయల్దేరి పందిట్లో ఆగారు. ఓడిపోతానని ఆయనే చెప్పాక తొందరేముంది, తినేసి వెళ్దాం అన్నారు. తిన్నాక, కాస్త నడుం వాల్చి వెళ్దాం అన్నారు. మాస్టారు పందిట్లోనే చాప మీద పడుకుని గురకపెట్టాడు. ఆయన అభ్యర్థి అండీ.

కట్టుబాటు పక్షం వాళ్ళు ఆ పందిరి వైపు తొంగి కూడా చూడలేదు. తమ నాయకుడి ఓటమికి పెట్టే భోజనం వాళ్ళెలా తింటారు? ఇంట్లో చద్దన్నం తిని ఒక్కొక్కరే వచ్చి ఓటేసి వెళ్ళారు. ముసలివాళ్ళని కూడా మంచాల మీద మోసుకొచ్చారు.

వరాలు బంతుల మధ్య పరుగులు పెట్టింది. లేవండి బాబాయి, లేవండి అత్తా, అయిదింటికి మూసేస్తారు అని ఒక్కొక్కరినీ కుదిపింది. పిల్ల అలసిపోయింది, ముందు దానికో బూరె పెట్టండి అన్నారెవరో. నా దగ్గరికి కూడా వచ్చింది. తాతా, నువ్వైనా లే అంది. పెరుగు కలుపుతున్నానమ్మా, ఇదిగో వచ్చేశాను అన్నాను. అబద్ధమెందుకు, నాకు మెలకువ వచ్చేసరికి అయిదున్నరైంది. ఈ ఊళ్ళో తెలివితక్కువ వాళ్ళు ఏడుగురే అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

పానకాలరావు గారు అయిదు ఓట్ల తేడాతో గెలిచాడు. పోలుకొండ వాళ్ళవి ఏడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సైకిలు గంట బదులు టముకు వినపడింది. ఆడపిల్లలు సైకిలెక్కరాదు, తాతల నాటి కట్టుబాటు తప్పరాదు అని. వరాలు సైకిలుని వసారాలో గోడకి ఆనించి, మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చిన వాణ్ణి, ఆ పిల్ల మొహం చూసి సిగ్గుతో లోపలికి పోయాను. భద్రం మాత్రం కోపంతో ఊగిపోతున్నాడు. మాటిచ్చి ఓడిపోకుండా గెలుస్తాడా, ఇంత మోసం ఎక్కడైనా ఉందా అని.

సమితి పని మీద రెండ్రోజులుగా ఊళ్ళో లేని శేషారత్నం కబురు తెలిసి పది గంటలకల్లా వచ్చింది. మమ్మల్ని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది. తర్వాత కాస్త ఆలోచించి, ఊళ్ళో అందరినీ వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి నడిచింది. పానకాలరావు గారు కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక ఆయన పక్షం పెద్దలు నలుగురు నిలబడి ఉన్నారు. శేషారత్నం గొంతు పెంచలేదు. ఓడిపోతానని మీరు ఈ భద్రానికి మాటిచ్చారని ఊరంతా టముకు విన్నది, మీ వంశంలో మాట తప్పినవాడు లేడని మీరే అంటారు, మరి ఇప్పుడు ఏం చేద్దామంటారు అని అడిగింది.

ఆయన వెనక నిలబడ్డ పెద్దలు నలుగురూ ఆయన వైపే చూశారు. ఇరవై రెండేళ్ళు ఆయన వాళ్ళకి కట్టుబాట్లు చెప్పాడు. ఇప్పుడు మాట తప్పితే ఆ మొహాల ముందు మళ్ళీ ఆ ముక్క ఎలా అంటాడు? చెమట తుడుచుకున్నాడు. నీళ్ళు తాగాడు. చివరికి ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. మాట నీకిచ్చాను, నువ్వే పుచ్చుకో అని భద్రం చేతిలో పెట్టాడు. ఇది సమితి ఆఫీసులో ఇచ్చేస్తే నా పని అయిపోయినట్టే అన్నాడు.

జనం వెనక నుంచి వరాలు మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

భద్రానికి చదువు రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి మాస్టారికిచ్చాడు. మాస్టారు గొంతు సవరించుకుని చదివాడు. నా ప్రెసిడెంటు పదవికి నేను రాజీనామా చేస్తున్నాను అని ఉంది అందులో.

"అంటే ఓడిపోయినట్టేనా మాస్టారూ?" అని అడిగాడు భద్రం.

అవునని ఒక్క ముక్క అంటే సరిపోయేది. శేషారత్నం సైగ చేస్తూనే ఉంది. కానీ మాస్టారు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడు. తప్పు చెప్పలేడు. "కాదు భద్రం. ఓడిపోవడం వేరు, రాజీనామా వేరు. ఇది తనంతట తాను దిగిపోవడం" అన్నాడు.

భద్రం మొహం ఎర్రబడింది. కాగితం వెనక్కి లాక్కున్నాడు. మమ్మల్నింత తెలివితక్కువ వాళ్ళనుకున్నారా అని పానకాలరావు గారిని నిలదీశాడు. మీరు మాటిచ్చింది ఓడిపోతానని, దిగిపోతానని కాదు, ఇలాంటి దొంగ కాగితాలు పుచ్చుకోవడానికి మేమేం చంటిపిల్లలం కాదు అన్నాడు. అంటూనే దాన్ని రెండు ముక్కలు చేశాడు. అబ్బులు వాటిని అందుకుని నాలుగు చేశాడు. తాతబ్బాయి ఎనిమిది చేశాడు. మోసపోకుండా బయటపడ్డామని మంగాయమ్మ కొడుకులు ముగ్గురికీ దిష్టి తీసింది. వరాలు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చేసరికి ముక్కలు నేల మీదున్నాయి.

పానకాలరావు గారు ఆ ముక్కల్ని చూశాడు. కలం జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వాల్సింది నేనిచ్చాను, పుచ్చుకోవాల్సినవాడు వద్దన్నాడు, నా మాట చెల్లిపోయింది అని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. వెనక నిలబడ్డ నలుగురూ అవునవునని తలలూపారు. శేషారత్నం నెత్తి కొట్టుకుని గోడకి చేరగిలబడింది.

వరాలు తండ్రి మొహంలోకి చూసింది. "నాన్నా, రేపు నేను బడికెలా వెళ్ళాలి?" అంది.

భద్రం కూతురి భుజం మీద చెయ్యేసి, ఎంతో ధైర్యంగా, "మళ్ళీ ఎన్నికలు రానీ అమ్మా. ఈసారి ఆయన్ని గట్టిగా ఓడిద్దాం. మళ్ళీ నిలబడమని ఇప్పుడే అడుగుతాను, మన ఏడు ఓట్లూ ఆయనకే అని మాటిచ్చేస్తాను" అన్నాడు.

అన్నట్టుగానే అక్కడే, అందరి ముందూ, ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చేశాడు.